సిరామిక్ పోగు విమాన ఇంజన్‌కు చేరడానికి నలభై ఏళ్లు ఎందుకు పట్టింది?

క్లుప్తంగా: కొత్త తరం విమాన ఇంజన్లలో బాగా వేడెక్కే కొన్ని భాగాలను నికెల్ మిశ్రమ లోహాలకు బదులు సిరామిక్ కాంపోజిట్‌తో, అంటే సిరామిక్ లోపల సిరామిక్ పోగులు పెట్టి చేసిన పదార్థంతో చేస్తున్నారు. ఆ కాంపోజిట్‌కు బలం ఇచ్చేది అందులోని సిలికాన్ కార్బైడ్ పోగు. దాన్ని తయారు చేసే మార్గం 1975లోనే బయటపడింది. ప్రయాణికుల విమానంలోకి వచ్చింది మాత్రం 2016లో. ఈ మధ్య కాలంలో ఎక్కువ భాగం పోగులో మిగిలిపోయే ఆక్సిజన్‌ను, అదనపు కార్బన్‌ను వదిలించుకోవడానికే సరిపోయింది. ఈ పదార్థం ధరనూ, ఎవరి చేతికి అందుతుందన్నదాన్నీ ఇప్పటికీ పోగే నిర్ణయిస్తోంది.

ఒకే పేరు, రెండు వస్తువులు

‘సిరామిక్ ఫైబర్’ అన్న మాట రెండు వేర్వేరు వస్తువులకు వాడుకలో ఉండటంతో వార్తలు చదివేవారికి గందరగోళం కలుగుతోంది. మొదటిది ఫర్నేసులు, బట్టీల లోపలి గోడలకు పరిచే తెల్లటి మెత్తటి బ్లాంకెట్. అల్యూమినా, సిలికా కలిపి కరిగించి, ఆ ద్రవాన్ని గాలి ఒత్తిడితోనో, వేగంగా తిరిగే చక్రాల మీద పోసో చిమ్మిస్తే పొట్టి పొట్టి పోగులు తయారవుతాయి. 1260 డిగ్రీల గ్రేడు అని మార్కెట్లో అమ్మేది ఇదే. వేడిని ఆపడమే దాని పని, బరువు మోయడం కాదు. ఈ పోగులు సన్నగా ఉండి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి వర్గంలో చేర్చింది. బట్టీల్లో పాత బ్లాంకెట్ పీకేటప్పుడు మాస్కు తప్పనిసరి అనడానికి కారణం ఇదే.

రెండోది తెగకుండా వందల మీటర్ల పొడవున వచ్చే పోగు. సుమారు 10 నుంచి 15 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే తల వెంట్రుక కంటే అనేక రెట్లు సన్నం. దాదాపు 500 పోగులను ఒక కట్టగా చుడతారు. దాన్ని నేయవచ్చు, అల్లవచ్చు, టేపులా పరచవచ్చు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలోనూ లాగుడు బలాన్ని తట్టుకోవడం దీని పని. ఇంజన్ల వార్తల్లో వినిపించేది ఇదే. ఈ వ్యాసం కూడా దాని గురించే.

సిరామిక్‌కు పోగుతో అవసరమేమిటి?

సిలికాన్ కార్బైడ్ చాలా గట్టిది, తేలికైనది, వేడికి లొంగనిది. ఇన్ని గుణాలున్నా దాని ముద్దతో ఇంజన్ భాగం చేయడానికి ఎవరూ సాహసించరు. లోహంలో ఒకచోట ఒత్తిడి పెరిగితే అక్కడ లోహం కాస్త సాగి ఆ ఒత్తిడిని పంచుకుంటుంది. సిరామిక్‌కు ఆ సాగే గుణం లేదు. కంటికి కనపడని గీటు దగ్గర మొదలైన పగులు క్షణంలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతుంది.

ముద్ద ఎంత పెద్దదైతే అందులో పెద్ద లోపం ఉండే అవకాశం అంత ఎక్కువ. పోగును 12 మైక్రాన్లకు సన్నం చేస్తే, పెద్ద లోపానికి అందులో చోటే ఉండదు. ముద్దగా చేసిన సిలికాన్ కార్బైడ్ కొన్ని వందల మెగాపాస్కల్స్ దగ్గరే విరిగిపోతుంది. అదే పదార్థం పోగు రూపంలో 3,000 మెగాపాస్కల్స్ దాకా లాగుడును తట్టుకుంటుంది.

అయితే పోగుల చుట్టూ మళ్లీ సిరామిక్‌నే నింపితే పగులు పోగులను కూడా కోసుకుంటూ పోదా? పోతుంది, పోగుకూ చుట్టూ ఉన్న మాట్రిక్స్‌కూ మధ్య అంటు గట్టిగా ఉంటే. అందుకే ప్రతి పోగు మీదా బోరాన్ నైట్రైడ్ పొర పూస్తారు. దాని మందం మైక్రాన్‌లో కొంత భాగమే. మాట్రిక్స్‌లో నడిచి వచ్చిన పగులు ఈ మెత్తటి పొర దగ్గర పక్కకు మళ్లుతుంది. పోగు తెగకుండా పగులుకు అడ్డంగా నిలిచి రెండు వైపులనూ పట్టుకుంటుంది. ఇంకా లాగితే పోగు మాట్రిక్స్‌లోంచి జారుతూ బయటికొస్తుంది, ఆ రాపిడిలో శక్తి ఖర్చవుతుంది. భాగం ఒక్కసారిగా పగిలిపోకుండా నెమ్మదిగా బలం కోల్పోతుంది. పరీక్షలో విరగ్గొట్టిన ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే, విరిగిన అంచున పోగుల కొసలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అంచు నున్నగా ఉందంటే ఆ తయారీ విఫలమైందనే అర్థం. కాంపోజిట్‌లో అంటు బలంగా ఉండాలని ఫైబర్ గ్లాస్, కార్బన్ ఫైబర్ పరిశ్రమలు కోరుకుంటాయి. సిరామిక్ కాంపోజిట్‌లో మాత్రం అంటు బలహీనంగా ఉండటమే పదార్థాన్ని కాపాడుతుంది.

కరగని దాన్ని పోగు తీయడం

గాజు, నైలాన్ లాంటివాటిని కరిగించి పోగు లాగవచ్చు. సిలికాన్ కార్బైడ్ సాధారణ పీడనంలో కరగదు. 2,700 డిగ్రీలు దాటాక నేరుగా విడిపోతుంది. కాబట్టి మొదట్లో మరో దారి పట్టారు. కార్బన్ లేదా టంగ్‌స్టన్ తీగను వేడి చేసి, వాయువుల నుంచి సిలికాన్ కార్బైడ్‌ను దాని మీద పొరలు పొరలుగా పేర్చేవారు. ఇలా వచ్చే పోగు మందం 140 మైక్రాన్ల దాకా ఉంటుంది. బలానికి లోటు లేదు, కానీ వంచితే విరుగుతుంది, నేతకు పనికిరాదు. టైటానియం లాంటి లోహాలను బలపరచడానికి వాడారు తప్ప వంపులు తిరిగిన ఇంజన్ భాగానికి అది కుదిరే వస్తువు కాదు.

1975లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో సెయిషి యజిమా బృందం సమస్యను తిరగేసి చూసింది. సిరామిక్‌ను పోగు తీయలేకపోతే, పోగు తీయగల ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని ముందు తయారు చేసి, పోగు అయ్యాక దాన్ని సిరామిక్‌గా మార్చవచ్చు కదా అన్నది ఆలోచన. ముడిసరుకు డైమిథైల్ డైక్లోరోసిలేన్. సిలికోన్ రబ్బరు, సిలికోన్ నూనె పరిశ్రమలు టన్నుల కొద్దీ వాడే ద్రవమే ఇది. దానికి సోడియం లోహం కలిపితే క్లోరిన్ ఉప్పుగా విడిపోయి, సిలికాన్ పరమాణువులు గొలుసుగా అతుక్కుని తెల్లటి పొడి మిగులుతుంది. ఈ పొడి కరగదు. దాన్ని పీడన పాత్రలో 450 డిగ్రీల పైచిలుకు వేడి చేస్తే గొలుసు తిరగబడుతుంది. పక్కన వేలాడుతున్న మిథైల్ సమూహంలోని కార్బన్ రెండు సిలికాన్ల మధ్యకు దూరుతుంది. ఇప్పుడు గొలుసులో సిలికాన్, కార్బన్ ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి. అదే పోలీకార్బోసిలేన్. భవిష్యత్తులో రాబోయే సిలికాన్ కార్బైడ్ అస్థిపంజరం అందులో అప్పటికే సిద్ధమైపోయింది.

పోలీకార్బోసిలేన్ చూడటానికి గుగ్గిలంలా ఉండే పెళుసు పదార్థం. సుమారు 300 డిగ్రీల దగ్గర కరిగించి, సన్నటి రంధ్రాలున్న పళ్లెంలోంచి నత్రజని వాతావరణంలో నెడితే, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు పోగులు దిగుతాయి. కింద తిరిగే డ్రమ్ము వాటిని చుట్టుకుంటూ సాగదీస్తుంది. అణువుల పొడవులో కొంచెం తేడా వచ్చినా, కరిగిన ద్రవంలో చిన్న గాలి బుడగ ఉన్నా పోగు అక్కడికక్కడే తెగుతుంది. ఈ దశలో పోగుకు బలం లేనట్టే. వేళ్లతో పట్టుకుంటే నలిగిపోతుంది. నైలాన్‌కు గొలుసులు పొడుగ్గా ఉండి ఒకదానితో ఒకటి చిక్కుపడటం వల్ల బలం వస్తుంది. పోలీకార్బోసిలేన్ అణువులు పొట్టివి, వాటికి ఆ చిక్కు లేదు. పొడుగు చేస్తే కరగడం మానేస్తాయి. ఈ రెంటి మధ్య ఇరుకైన సందులోనే తయారీదారు పని చేయాలి. ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే.

ఇక దీన్ని నేరుగా బట్టీలో పెడితే మళ్లీ కరిగి ముద్దయిపోతుంది. అందుకే ముందు దాని ఆకారాన్ని స్థిరపరచాలి. యజిమా పద్ధతిలో గాలిలో సుమారు 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. ఆక్సిజన్ లోపలికి దూరి, ఒక గొలుసు సిలికాన్‌ను పక్క గొలుసు సిలికాన్‌తో ముడివేస్తుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది కాబట్టి తొందరపడితే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తర్వాత గాలి తగలని బట్టీలో 1,200 నుంచి 1,300 డిగ్రీల దాకా తీసుకెళతారు. హైడ్రోజన్, మీథేన్ వాయువులుగా పోతాయి. పోగు సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాముల నుంచి 2.55 గ్రాములకు పెరుగుతుంది, పరిమాణం సగం కంటే తక్కువకు కుంచించుకుపోతుంది. నల్లగా నిగనిగలాడే పోగు చేతికొస్తుంది. నిప్పన్ కార్బన్ సంస్థ దీన్ని నికలాన్ పేరుతో 1980ల ఆరంభంలో మార్కెట్లోకి తెచ్చింది.

ఆక్సిజన్ చేసిన చేటు

పోగును నిలబెట్టిన ఆక్సిజనే తర్వాత దానికి శత్రువైంది. నికలాన్‌లో బరువు లెక్కన 10 శాతానికి పైగా ఆక్సిజన్ ఉండిపోయింది. పైగా సిలికాన్ పరమాణువులు వందకు కార్బన్ పరమాణువులు దాదాపు 130. అంటే అది సిసలైన సిలికాన్ కార్బైడ్ కాదు. అతి సూక్ష్మ సిలికాన్ కార్బైడ్ రేణువులు, వాటి మధ్య సిలికాన్, కార్బన్, ఆక్సిజన్ కలిసిన గాజు లాంటి పదార్థం, సిలికాన్‌తో కలవకుండా విడిగా మిగిలిన కొంత కార్బన్ కలిసిన మిశ్రమం.

సుమారు 1,200 డిగ్రీలు దాటగానే ఆ గాజు పదార్థం విడిపోవడం మొదలవుతుంది. సిలికాన్ మోనాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులుగా బయటికి తన్నుకొస్తాయి. పోగు నిండా రంధ్రాలు పడతాయి, మిగిలిన రేణువులు పెద్దవై పెళుసుబారతాయి. ఇక్కడ గమనించాల్సింది, ఈ నష్టానికి బయటి గాలితో పని లేదు. ఆర్గాన్ వాయువులో ఉంచినా జరుగుతుంది. ఎందుకంటే పోగును పాడుచేసే ఆక్సిజన్ తయారీలోనే లోపలికి చేరిపోయింది. పైపూత ఎంత మంచిదైనా దీన్ని ఆపలేదు. నికెల్ మిశ్రమ లోహాలే సుమారు 1,100 డిగ్రీల దాకా పనిచేస్తున్నప్పుడు, 1,200 దగ్గర చతికిలబడే ఖరీదైన పోగు కోసం ఇంజన్ రూపకల్పన మార్చడానికి తయారీదారులు ముందుకు రాకపోవడంలో వింత లేదు. 1980ల ఉత్సాహం చాలాకాలం ప్రయోగశాలలకే పరిమితం కావడానికి ప్రధాన కారణం ఇదే అనిపిస్తుంది.

బయటపడిన దారులు

మొదటి మార్పు స్థిరపరచే దశలో వచ్చింది. గాలికి బదులు హీలియం వాతావరణంలో పోగుల మీదికి ఎలక్ట్రాన్ల ధారను పంపారు. ఎలక్ట్రాన్లు గొలుసులకు హైడ్రోజన్‌ను పట్టి ఉంచే బంధాలను తెంచుతాయి, తెగిన కొసలు పక్క గొలుసులతో అతుక్కుంటాయి. ఆక్సిజన్ అవసరమే లేదు. జపాన్ అణుశక్తి పరిశోధన సంస్థకు చెందిన తకసాకి కేంద్రంలో జరిగిన ఈ పరిశోధన నుంచే హై-నికలాన్ పుట్టింది. అందులో ఆక్సిజన్ 0.5 శాతం దరిదాపుల్లోకి దిగింది. అయితే కార్బన్ ఇంకా ఎక్కువే, వంద సిలికాన్లకు 139. విడిగా మిగిలిన ఈ కార్బన్ ఆక్సిజన్ తగిలితే కాలిపోతుంది, పోగు బిగువును తగ్గిస్తుంది.

దాని తర్వాతి రకం హై-నికలాన్ టైప్ ఎస్. కాల్చే దశలో హైడ్రోజన్‌ను పంపి అదనపు కార్బన్‌ను మీథేన్‌గా లాగేశారు. నిష్పత్తి వందకు 105కు వచ్చింది. సాంద్రత 3 గ్రాములు దాటింది. సాగుడును అడ్డుకునే బిగువు నికలాన్‌లో 220 గిగాపాస్కల్స్ లోపే ఉంటే ఇక్కడ 400కు చేరువైంది.

జపాన్‌కే చెందిన ఉబే ఇండస్ట్రీస్ వేసిన దారి మరింత ఆసక్తికరం. నికలాన్‌ను చెడగొట్టిన చర్యనే అది పనిముట్టుగా మార్చుకుంది. అల్యూమినియం కొద్దిగా కలిపిన పోగును మామూలుగా గాలిలోనే స్థిరపరచి, ఆక్సిజన్‌ను కావాలనే లోపల ఉండనిచ్చింది. తర్వాత 1,500 డిగ్రీల ప్రాంతంలో ఆ ఆక్సిజన్ అదనపు కార్బన్‌ను వెంటబెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. రెండు మలినాలూ ఒకదానితో ఒకటి పోతాయి. పోగులో మిగిలిన రంధ్రాలను 1,800 డిగ్రీల ప్రాంతంలో అల్యూమినియం సాయంతో పూడుస్తారు, అంటే కుండను కాల్చి గట్టిపరచే సింటరింగే, పోగు స్థాయిలో. టిరానో ఎస్‌ఏ పేరుతో వచ్చిన ఈ పోగు వివరాలు 1998లో నేచర్ పత్రికలో అచ్చయ్యాయి. అమెరికాలో డౌ కార్నింగ్ ఇలాంటి తర్కంతోనే బోరాన్ సాయంతో సిల్రామిక్ పోగు చేసింది. బోరాన్ రేణువుల అంచుల్లో ఉండిపోతే అధిక వేడిలో పోగు మెల్లగా సాగుతుంది. నాసా గ్లెన్ కేంద్రం ఆ పోగును నత్రజనిలో వేడి చేసి, బోరాన్‌ను పైకి రప్పించి, పోగు ఉపరితలం మీదే బోరాన్ నైట్రైడ్ పొరగా మార్చింది. లోపలి దోషం బయట రక్షణ పూతగా మారడం ఈ రంగంలోని చక్కటి పరిష్కారాల్లో ఒకటి.

రేణువుల పరిమాణం విషయంలో మాత్రం రాజీ తప్పదు. రేణువులు చిన్నవైతే మామూలు బలం బాగుంటుంది, కానీ వేడిలో ఏళ్ల తరబడి లాగితే సాగుతుంది. పెద్దవైతే సాగుడు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. ఏ పోగు మేలు అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేనిది అందుకే. అది చేరబోయే భాగం ఎంత వేడిలో, ఎంత ఒత్తిడిలో, ఎన్ని వేల గంటలు ఉంటుందన్నదాని మీద ఆధారపడుతుంది.

పోగు నుంచి భాగం దాకా

పోగు చేతికొచ్చాక దానిపై బోరాన్ నైట్రైడ్ పూత వేసి, సిలికాన్ కార్బైడ్ పొడి, కార్బన్, బంకలు కలిపిన జావలోంచి లాగి టేపుగా చుడతారు. టేపు ముక్కలను కావలసిన దిశల్లో పేర్చి, ఒత్తి, బంకను కాల్చేస్తారు. చివరగా కరిగిన సిలికాన్‌ను అందులోకి ఇంకనిస్తారు. అది కార్బన్‌తో కలిసి కొత్త సిలికాన్ కార్బైడ్‌గా మారి సందులన్నీ నింపుతుంది. గంటల్లో ముగిసే ఈ పద్ధతిని అమెరికా ఇంజన్ల తయారీ సంస్థ జీఈ ఎంచుకుంది. ఫ్రాన్స్‌లో పెరిగిన మరో పద్ధతిలో వాయువుల ద్వారా సిలికాన్ కార్బైడ్‌ను పోగుల మధ్య నెమ్మదిగా పేరుస్తారు. ఇది వారాల పని.

సిలికాన్ కరిగేది 1,414 డిగ్రీల దగ్గర. పాత నికలాన్‌ను ఈ స్నానంలో ముంచితే భాగం తయారు కాకముందే పోగు చచ్చిపోతుంది. ఆక్సిజన్ తగ్గిన పోగు వచ్చాకే త్వరగా ముగిసే ఈ తయారీ పద్ధతి సాధ్యమైంది. పోగు మెరుగుపడటం ఇంజన్‌లో మన్నిక కోసమే కాదు, ఫ్యాక్టరీలో బతికి బయటపడటానికి కూడా అవసరమైంది. ఈ అంశం వార్తల్లో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

లీప్ ఇంజన్‌లో ఏం మారింది?

జీఈ, ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్‌ల ఉమ్మడి సంస్థ సీఎఫ్ఎం తయారు చేసే లీప్ ఇంజన్ 2016లో ఎయిర్‌బస్ ఏ320 నియోతో సేవలోకి వచ్చింది. దాని అధిక పీడన టర్బైన్ మొదటి దశలో, తిరిగే బ్లేడ్ల చుట్టూ వలయంగా అమర్చే 18 ష్రౌడ్ ముక్కలు సిరామిక్ కాంపోజిట్‌వి. ఇవి తిరగవు, కదలవు. అపకేంద్ర బలం లేని చోటు కాబట్టే మొదట వీటిని ఎంచుకున్నారు.

లాభం రెండు వైపుల నుంచి వస్తుంది. బరువు నికెల్ మిశ్రమ లోహంలో సుమారు మూడో వంతు. అంతకంటే ముఖ్యమైనది చల్లబరచే గాలి. టర్బైన్‌లోకి వచ్చే వాయువుల వేడి లోహం కరిగే స్థాయిని మించి ఉంటుంది. లోహ భాగాలు బతకాలంటే కంప్రెసర్ కష్టపడి నొక్కిన గాలిలో కొంత వాటి చుట్టూ, వాటి లోపల తిప్పాలి. ఆ గాలి థ్రస్ట్‌కు పూర్తిగా ఉపయోగపడదు. 1,300 డిగ్రీల దాకా తట్టుకునే భాగానికి ఆ గాలి తక్కువ చాలు, మిగిలింది ఇంజన్ పనికి వస్తుంది. పాత సీఎఫ్ఎం56తో పోలిస్తే లీప్ 15 శాతం దాకా ఇంధనం ఆదా చేస్తుందన్నది తయారీదారు మాట. ఆ మొత్తాన్ని సిరామిక్ ఖాతాలో వేయడం సరికాదు. పెద్ద ఫ్యాన్, కార్బన్ ఫైబర్ బ్లేడ్లు, పెరిగిన పీడన నిష్పత్తి కూడా అందులో భాగస్వాములే.

బోయింగ్ 777ఎక్స్ కోసం చేసిన జీఈ9ఎక్స్ ఇంకా ముందుకెళ్లింది. దహన గది లోపలి, బయటి అస్తరు గోడలు, మొదటి దశ ష్రౌడ్లు, మొదటి, రెండో దశ నాజిల్స్ (వాయువులను బ్లేడ్ల మీదికి మళ్లించే కదలని రెక్కలు) కలిపి ఐదు రకాల భాగాలు అందులో సిరామిక్‌వే. 2020 సెప్టెంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దానికి ధ్రువీకరణ ఇచ్చింది. తిరిగే బ్లేడ్లు మాత్రం ఇంకా పరీక్షల దశ దాటి సాధారణ వాడకంలోకి రాలేదు. ఎఫ్414 ప్రయోగాత్మక ఇంజన్‌లో అల్ప పీడన టర్బైన్ బ్లేడ్లను సిరామిక్‌తో చేసి తిప్పి చూసినట్టు 2015లో జీఈ ప్రకటించింది. బ్లేడు తేలికైతే దాన్ని పట్టి ఉంచే డిస్కు కూడా తేలికవుతుంది కాబట్టి అసలైన లాభం అక్కడుంది. నష్టభయమూ అక్కడే ఎక్కువ.

నీటి ఆవిరి, ధూళి

సిలికాన్ కార్బైడ్ వేడి గాలిలో తన చుట్టూ పలుచటి సిలికా పొర కట్టుకుని తనను తాను కాపాడుకుంటుంది. ఇంజన్‌లో ఈ రక్షణ నిలవదు. ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది. అది సిలికాతో కలిసి వాయు రూపంలో ఉండే హైడ్రాక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. కొత్త పొర కడుతుంది, అదీ పోతుంది. భాగం కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. దీన్ని ఆపడానికి సిలికాన్ అడుగు పొర మీద ఇటెర్బియం సిలికేట్ లాంటి అరుదైన మృత్తిక లోహాల సిలికేట్లతో పూత వేస్తారు. ఆ పూత పెచ్చు లేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

గల్ఫ్, ఉత్తర భారతం లాంటి ధూళి ప్రాంతాల్లో మరో బెడద ఉంది. ఇంజన్ మింగిన ఇసుకలోని కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడ్లు వేడికి కరిగి గాజులా పూతకు అంటుకుని దాన్ని తినేస్తాయి. లోహ భాగాలకూ ఈ సమస్య ఉంది. అయితే ఉపరితలం ఎంత వేడిగా ఉంటే ధూళి అంత సులువుగా కరుగుతుంది కాబట్టి, మరింత వేడిలో పనిచేయడానికే పుట్టిన సిరామిక్‌కు ఇది మరింత పెద్ద పరీక్ష.

నీటి ఆవిరితో ఇంత గొడవ లేని పోగులు కూడా ఉన్నాయి. 3ఎం సంస్థ నెక్స్‌టెల్ పేరుతో చేసిన అల్యూమినా పోగులు అప్పటికే ఆక్సైడ్లు కాబట్టి కొత్తగా ఆక్సీకరణ చెందేదేమీ లేదు. అల్యూమినియం లవణాల ద్రావణాన్ని చిక్కబరచి, పోగు తీసి, ఎండబెట్టి కాలుస్తారు. గాలిలోనే కాల్చవచ్చు, ఎలక్ట్రాన్ ధారలు అక్కర్లేదు, ధర కూడా తక్కువ. లోటు ఏమిటంటే లోడు మీద ఉన్నప్పుడు సుమారు వెయ్యి, పదకొండు వందల డిగ్రీల దగ్గరే సాగడం మొదలెడతాయి. అందుకే టర్బైన్‌లోకి కాక, జీఈ పాస్‌పోర్ట్ ఇంజన్‌లోలా ఎగ్జాస్ట్ భాగాలకు వాడుతున్నారు.

ధర ఎందుకు దిగడం లేదు?

కార్బన్ ఫైబర్ సాధారణ రకం కిలో పదుల డాలర్లకు దొరుకుతుంది. మూడో తరం, అంటే హై-నికలాన్ టైప్ ఎస్, టిరానో ఎస్‌ఏ లాంటి సిలికాన్ కార్బైడ్ పోగు ధర కిలోకు వేల డాలర్లలో ఉంటుంది. ముడిసరుకు దీనికి కారణం కాదు, డైమిథైల్ డైక్లోరోసిలేన్ చవకే. సోడియం చర్య ప్రమాదకరమైనది కాబట్టి విడతలు విడతలుగా జాగ్రత్తగా చేయాలి. ముట్టుకుంటే నలిగే పచ్చి పోగును వేగంగా లాగడం కుదరదు. హీలియం, ఎలక్ట్రాన్ యంత్రం, హైడ్రోజన్ బట్టీ అన్నీ ఖరీదైనవే. ఏ దశలో పోగు తెగినా మొదటి నుంచి పెట్టిన ఖర్చంతా పోతుంది. కార్బన్ ఫైబర్‌కు క్రీడా పరికరాలు, గాలిమరలు, కార్లు మార్కెట్ ఇచ్చాయి. ఈ పోగుకు ఇంజన్లు తప్ప పెద్ద గిరాకీ లేదు. గిరాకీ పెరగనిదే ధర తగ్గదు, ధర తగ్గనిదే కొత్త గిరాకీ రాదు.

సరఫరా కూడా కొద్దిమంది చేతుల్లో ఉంది. దశాబ్దాల పాటు ప్రధానంగా జపాన్ మీదే ఆధారపడాల్సి వచ్చింది. 2012లో నిప్పన్ కార్బన్, జీఈ, సఫ్రాన్ కలిసి జపాన్‌లో ఎన్‌జీఎస్ అడ్వాన్స్‌డ్ ఫైబర్స్ సంస్థను పెట్టాయి. 2015లో జీఈ అలబామాలోని హంట్స్‌విల్‌లో పోగు, టేపు ఫ్యాక్టరీలు కడతామని ప్రకటించింది. అందులో పోగు ఫ్యాక్టరీకి అమెరికా వాయుసేన నిధులు కూడా తోడయ్యాయి. ఒక వాణిజ్య సంస్థ పోగు ఫ్యాక్టరీకి రక్షణ శాఖ డబ్బు పెట్టడమే దీన్ని ప్రభుత్వాలు ఎలా చూస్తున్నాయో చెబుతుంది. వాసెనార్ ఒప్పందంలో ఎగుమతులపై నిఘా ఉండాల్సిన పదార్థాల జాబితాలో ఇలాంటి అధిక బిగువు, అధిక ఉష్ణ పోగులు ఉన్నాయి. భారత్ 2017 డిసెంబరులో ఆ ఒప్పందంలో చేరింది. చేరినంత మాత్రాన పోగు సులువుగా దొరుకుతుందని కాదు, అనుమతుల ప్రక్రియలో కొంత సౌలభ్యం మాత్రమే.

అణు విద్యుత్ రంగం రెండో పెద్ద కొనుగోలుదారు కావచ్చు. ఇంధన కడ్డీల తొడుగుకు ఇప్పుడు వాడుతున్న జిర్కోనియం మిశ్రమ లోహం ప్రమాద సమయంలో బాగా వేడెక్కితే ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తుంది. 2011లో ఫుకుషిమాలో పేలుళ్లకు కారణం అదే. భారత్‌లో ఆ జిర్కోనియం తొడుగులు తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. సిలికాన్ కార్బైడ్ కాంపోజిట్ తొడుగు ఆ వేడిలో ఆవిరితో చాలా నెమ్మదిగా చర్య జరుపుతుంది కాబట్టి పలు దేశాల్లో పరిశోధన నడుస్తోంది. అక్కడ కూడా మూడో తరం పోగే కావాలి. పాత పోగు న్యూట్రాన్ల తాకిడికి కుంచించుకుపోయి మాట్రిక్స్ నుంచి ఊడిపోతుంది.

భారత్ ఎక్కడుంది?

భారత్‌లో వేడిని తట్టుకునే కాంపోజిట్ల అనుభవం ఎక్కువగా కార్బన్ వైపు ఉంది. అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు వేడిని తట్టుకునే కార్బన్-కార్బన్ భాగాలు హైదరాబాద్ డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్నవే. 2024 ఏప్రిల్‌లో ఇస్రో మరో అడుగును ప్రకటించింది. తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కోసం కార్బన్-కార్బన్ నాజిల్ చేసింది. కొలంబియం లోహ నాజిల్‌తో పోలిస్తే దాని బరువు 67 శాతం తక్కువ, రాకెట్ మోసుకెళ్లే బరువులో 15 కిలోల లాభం. గాలిలో కాలిపోకుండా దానిపై సిలికాన్ కార్బైడ్ పూత వేశారు. తమిళనాడులోని మహేంద్రగిరిలో ముందు 60 సెకన్లు, తర్వాత 200 సెకన్లు మండించి పరీక్షించారు.

రాకెట్ నాజిల్ నిమిషాల వ్యవధిలో పని ముగించుకుంటుంది. విమాన టర్బైన్ భాగం వేల గంటలు, వేల సార్లు వేడెక్కుతూ చల్లారుతూ బతకాలి. కార్బన్ పోగు మొదటి పనికి చాలు. రెండో పనికి పూతలో చిన్న పగులు వచ్చినా లోపలి కార్బన్ కాలిపోతుంది కాబట్టి సిలికాన్ కార్బైడ్ పోగు లేకుండా కుదరదు. ఒకదానిలో సాధించిన నైపుణ్యాన్ని రెండోదానికి నేరుగా బదిలీ చేయలేమన్న సంగతి వార్తా కథనాల్లో తరచూ మరుగున పడుతుంది. పోలీకార్బోసిలేన్ తయారీ మీద కాన్పూర్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలోనూ, తిరువనంతపురంలోనూ ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ప్రయోగశాలలో కొన్ని గ్రాముల పోగు తీయడానికీ, ఒకే నాణ్యతతో టన్నులు తీయడానికీ మధ్య దూరం జపాన్ అనుభవంలోనే చాలా పెద్దది.

వాడకం వైపు నుంచి మాత్రం ఈ పదార్థం ఇప్పటికే తెలుగు నేలకు చేరింది. ఇండిగో ఏ320 నియో విమానాల్లో చాలావాటికి, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 మ్యాక్స్‌లకు లీప్ ఇంజన్లే ఉన్నాయి. వాటి మరమ్మతుల కోసం సఫ్రాన్ హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం పక్కన పెట్టిన కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. లోహ భాగానికి పగులు వస్తే వెల్డింగ్ చేసి, గ్రైండింగ్ చేసి తిరిగి వాడే పద్ధతి సాంకేతిక నిపుణులకు అలవాటు. సిరామిక్ ష్రౌడ్‌కు వెల్డింగ్ లేదు. పూత నిలిచి ఉందా, లోపలి పోగులకు ఆక్సిజన్ చేరిందా అన్నది చూసి ఉంచాలా మార్చాలా నిర్ణయించాలి. ఆ తనిఖీ నైపుణ్యం ఇక్కడి సిబ్బందికి కొత్త విద్య.

ఇకముందు దేశంలో ఎవరైనా స్వదేశీ సిరామిక్ పోగు తయారైందని ప్రకటిస్తే, లాగుడు బలం ఒక్కటే చూసి అంచనాకు రావడం సరిపోదు. నికలాన్‌కు కూడా గది ఉష్ణోగ్రత దగ్గర అద్భుతమైన బలమే ఉండేది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: పోగులో ఆక్సిజన్ ఎంత శాతం, సిలికాన్‌తో కార్బన్ నిష్పత్తి ఒకటికి ఎంత దగ్గర, 1,400 డిగ్రీల్లో గంటల పాటు ఉంచాక ఎంత బలం మిగిలింది, తెగకుండా ఎన్ని వందల మీటర్లు వచ్చింది, వరుసగా తీసిన విడతల మధ్య తేడా ఎంత. మొదటి రెండూ పోగు ఏ తరానికి చెందిందో చెబుతాయి. మిగిలినవి అది ప్రయోగశాల నమూనానా, ఇంజన్‌కు పనికొచ్చే సరుకా అన్నది తేలుస్తాయి.